మందు కాదులే, పొడి

డాక్టరు మా వదినను రెండు చేతులూ ముందుకు చాచమన్నాడు. వేళ్ళు విడదీసి అరచేతులు కిందికి పెట్టమని, వాటి మీద ఒక తెల్ల కాగితం పరిచాడు. థైరాయిడ్ మితిమీరి పనిచేసే మనిషికి వేళ్ళు సన్నగా వణుకుతాయి. కంటికి ఆనని ఆ వణుకు కాగితం అంచులో బయటపడిపోతుంది. కాగితం కదల్లేదు. నాడి పట్టి చూశాడు, నిమిషానికి 74. బరువు తగ్గలేదు, గుండె దడ లేదు, నిద్రకు లోటు లేదు. బల్ల మీదున్న ల్యాబు రిపోర్టు మాత్రం వేరే మనిషి సంగతి చెబుతున్నట్టుంది. థైరాయిడ్‌ను పనిచేయించే టీఎస్‌హెచ్ అనే హార్మోను అడుగంటింది, థైరాయిడ్ తయారుచేసే టీ4 గీత దాటి పైకి పోయింది. ఆ రిపోర్టును నమ్మితే థైరాయిడ్‌ను అణిచే మందు ఆ రోజే మొదలుపెట్టాలి.

"ఇంకేమైనా మందులు వాడుతున్నారామ్మా?"

"లేదు సార్. షుగరు లేదు, బీపీ లేదు. ఏ మందూ లేదు."

"మందు కాకపోయినా సరే. పొడి, లేహ్యం, టానిక్కు, ఒంటికో జుట్టుకో ఏదైనా?"

"జుట్టు రాలతా ఉంటే ఒక మాత్ర ఏసుకుంటా ఉన్నా సార్. నాలుగు నెలలాయ. అది మందు గాదు గదా."

ఆ డబ్బాను తర్వాత బళ్ళారి కౌల్ బజార్‌లోని వాళ్ళింట్లో చూశాను. వంటింటి గూట్లో, పసుపు డబ్బాకూ మెంతుల సీసాకూ నడుమ ఉంది. మీద పచ్చటి ఆకు బొమ్మ. వెనక చిన్న అక్షరాల్లో, మాత్రకు బయోటిన్ 10,000 మైక్రోగ్రాములు అని. బయోటిన్ బి వర్గపు విటమిన్లలో ఒకటి. పెద్దవాళ్ళకు రోజుకు సుమారు 30 మైక్రోగ్రాములు చాలు, అది గుడ్లలోనూ వేరుశనగల్లోనూ దొరుకుతూనే ఉంటుంది. వదిన మింగుతున్నది అందుకు మూడు వందల రెట్ల పైమాట.

డాక్టరు మందు రాయలేదు. ఆ మాత్ర ఆపేసి వారం తర్వాత మళ్ళీ రక్తం ఇమ్మన్నాడు. రెండో రిపోర్టు చక్కగా వచ్చింది. వదిన గ్రంథికి అసలు ఏ జబ్బూ లేదు. జబ్బు కనిపించింది పరీక్షలో మాత్రమే.

అదెలాగో చెప్పాలంటే బస్టాండుకు పోవాలి. బళ్ళారిలో అనంతపురం బస్సు వచ్చి ఆగకముందే కిటికీల్లోంచి తువ్వాళ్ళు లోపల పడతాయి. టికెట్టు కొనుక్కుని నిదానంగా ఎక్కినవాడికి సీట్లన్నీ ఖాళీగానే కనిపిస్తాయి, కూచోడానికి మాత్రం ఒక్కటీ ఉండదు. చాలా ల్యాబుల్లోని థైరాయిడ్ యంత్రాలు స్ట్రెప్టావిడిన్ అనే ప్రొటీన్ పూసిన సన్నటి పూసలను వాడతాయి. బయోటిన్ తగిలిందంటే స్ట్రెప్టావిడిన్ ఇక వదలదు. ప్రకృతిలో అంత గట్టి పట్టు చాలా అరుదు. ఆ పట్టునే ల్యాబు విద్య వాడుకుంది. రక్తంలోని టీఎస్‌హెచ్‌ను రెండు యాంటీబాడీలు చెరో పక్కా పట్టుకుంటాయి. ఒకదానికి బయోటిన్ తోక ఉంటుంది, రెండోదానికి వెలుగిచ్చే గుర్తు ఉంటుంది. ఆ తోక వెళ్ళి పూస మీద సీటు పట్టుకుంటుంది. సీటు దొరకనివాటిని కడిగేసి, మిగిలిన వెలుగును యంత్రం కొలుస్తుంది. వెలుగెంతో టీఎస్‌హెచ్ అంత. రక్తంలో ముందే విడి బయోటిన్ పొంగిపొర్లుతుంటే, పూసల మీది సీట్లన్నిటిలో దాని తువ్వాళ్ళే ఉంటాయి. అసలు ప్రయాణికులు నిలబడే ఉండి, కడుగునీళ్ళలో కొట్టుకుపోతారు. వెలుగు తగ్గుతుంది. యంత్రం టీఎస్‌హెచ్ తక్కువని రాస్తుంది.

టీ4 పరీక్ష దీనికి తలకిందులు. టీ4 మరీ చిన్న అణువు కాబట్టి రెండు వైపులా పట్టుకోవడం కుదరదు. అక్కడ పోటీ పెట్టి కొలుస్తారు, వెలుగు తగ్గితే టీ4 ఎక్కువని లెక్క. కాబట్టి ఒకే తప్పు ఒక అంకెను కిందికి తోసి, రెండోదాన్ని పైకి ఎత్తుతుంది. అచ్చం గ్రేవ్స్ అనే థైరాయిడ్ జబ్బులో కనిపించే జతే అది. గ్రేవ్స్‌ను రూఢి చేసుకోవడానికి చేసే యాంటీబాడీ పరీక్షను కూడా కొన్ని యంత్రాలు ఇదే పద్ధతిలో చేస్తాయి, అదీ ఉందనే చెబుతుంది. ఒకే అబద్ధాన్ని ముగ్గురు సాక్షులు చెప్పినట్టవుతుంది.

అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ దీని మీద 2017 నవంబరులో హెచ్చరిక ఇచ్చింది. గుండెపోటును పట్టే ట్రోపోనిన్ పరీక్ష బయోటిన్ వల్ల తప్పుగా తక్కువ చూపడంతో ఒక రోగి ప్రాణమే పోయిందని అందులో ఉంది. థైరాయిడ్ పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ ఆపాలని అమెరికన్ థైరాయిడ్ సంఘం చెబుతుంది. అన్ని యంత్రాలకూ ఈ బలహీనత లేదు. కానీ తన రక్తం ఏ యంత్రంలో పడుతుందో రక్తం ఇచ్చే మనిషికేం తెలుసు?

నన్ను ఎక్కువ కలవరపెట్టింది దీని రెండో ముఖం. థైరాయిడ్ మందగిస్తే జుట్టు రాలుతుంది. జుట్టు రాలుతోందని బయోటిన్ మొదలుపెట్టిన ఆడమనిషికి నిజంగానే థైరాయిడ్ మందగించి ఉందనుకోండి. పైకి పోవాల్సిన టీఎస్‌హెచ్‌ను బయోటిన్ కిందికి లాగి మామూలు గీతల నడుమ నిలబెడుతుంది. "థైరాయిడ్ లేదమ్మా" అని ఇంటికి పంపేస్తారు. నీరసం పోదు, జుట్టు నిలవదు, ఇంకో డబ్బా కొంటుంది. మన దేశంలో ఎనిమిది నగరాల్లో, అందులో హైదరాబాదూ ఉంది, 5,376 మందిని చేర్చుకున్న అధ్యయనం 2013లో వచ్చింది. దాదాపు 11 శాతం మందికి థైరాయిడ్ మందగించి ఉంది. ఇంతమంది ఉన్నచోట ఒక పరీక్ష తప్పు చెబితే ఎన్ని ఇళ్ళకు ఆ తప్పు చేరుతుందో ఊహించుకోవచ్చు.

వదిన కథలో గ్రంథి జోలికి ఏదీ పోలేదు. గ్రంథినే కదిలించేవి వేరే ఉన్నాయి, వాటి సంగతికి వచ్చేముందు ఒక కొలత మనసులో పెట్టుకోవాలి. థైరాయిడ్ తయారుచేసే హార్మోన్లకు ముడిసరుకు అయోడిన్. టీ4లో నాలుగు అయోడిన్ పరమాణువులు, టీ3లో మూడు. పేర్లు వచ్చింది అలాగే. పెద్ద మనిషికి రోజుకు కావలసిన అయోడిన్ 150 మైక్రోగ్రాములు. గ్రాములో పదిలక్షల వంతు ఒక మైక్రోగ్రాము. డెబ్బై ఏళ్ళు బతికిన మనిషి జీవితమంతా కలిపి తినాల్సిన అయోడిన్ నాలుగు గ్రాములు కూడా కాదు, ఒక చెంచాకు సరిపోదు. థైరాయిడ్ మందగించినవాళ్ళు పొద్దున్నే వేసుకునే మాత్రలో ఉండే హార్మోనూ అంతే, 25, 50, 100 మైక్రోగ్రాములు. ఒంట్లో ప్రతి కణం వేగాన్నీ నడిపించేది ఆ రేణువు. ఇంత చిన్న త్రాసు మీద చెంచాడు పొడి వేస్తూ "ఇందులో ఏముందిలే" అనుకుంటున్నాం మనం.

పొడికీ థైరాయిడ్‌కూ ఉన్న బంధం పాతదే. ఐరోపా కొండ ఊళ్ళలో గొంతు వాపుకు సముద్రపు స్పంజిని కాల్చిన బూడిద ఇచ్చేవారు, కొంతమందికి తగ్గేది కూడా. 1811లో ఫ్రాన్సులో బెర్నార్ కూర్తువా తుపాకీమందు కోసం సముద్రపు నాచు బూడిదతో కుస్తీపడుతుంటే ఊదారంగు ఆవిరి లేచింది, అదే అయోడిన్. 1820లో జెనీవా వైద్యుడు కాయిండే, స్పంజి బూడిదలో పనిచేసేది ఇదేనేమోనని గొంతు వాపు రోగులకు అయోడిన్ చుక్కలు ఇచ్చాడు. వాపు కరిగింది. ఊరంతా ఎగబడింది. ఏడాది తిరక్కుండానే కొందరికి గుండె దడ, వణుకు, చిక్కిపోవడం మొదలయ్యాయి. అయోడిన్ లేని లోటును తీర్చిన వస్తువే మోతాదు దాటగానే కొత్త జబ్బు తెచ్చింది. రెండు వందల ఏళ్ళ తర్వాత కెల్ప్ మాత్రలు తెప్పించుకుని మింగేవాళ్ళకు జరుగుతున్నదీ ఇదే. కెల్ప్ అంటే సముద్రపు నాచు, పేరు మాత్రమే కొత్త.

2009 డిసెంబరులో ఆస్ట్రేలియాలో ఒక సోయాపాల రకాన్ని అంగళ్ళ నుంచి వెనక్కి తెప్పించారు. రుచి కోసం అందులో కోంబు అనే సముద్రపు నాచు కలిపారు. దాంతో పాలలో అయోడిన్ మితిమీరి చేరింది, ఆరోగ్యానికి మంచిదని రోజూ తాగినవాళ్ళ థైరాయిడ్లు దెబ్బతిన్నాయి. బాధితులంతా కలిసి వేసిన దావా 2014లో రెండున్నర కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల పరిహారంతో తేలింది. అందులో కల్తీ లేదు, రసాయనం లేదు. సోయా గింజ, సముద్రపు నాచు, నీళ్ళు లాంటివే.

అయోడిన్ ముంచుకొస్తే గ్రంథి ఏం చేస్తుందో మన తుంగభద్ర డ్యామును తలుచుకుంటే తెలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న గ్రంథి వరద చూడగానే గేట్లు దించేస్తుంది, హార్మోను తయారీ ఆపేస్తుంది. 1948లో వుల్ఫ్, చైకోఫ్ అనే శాస్త్రవేత్తలు ఎలుకల్లో దీన్ని కనిపెట్టారు. కొన్ని రోజులకు గ్రంథి సర్దుకుని గేట్లు మళ్ళీ ఎత్తుతుంది. కానీ కొందరి గ్రంథిలో లోపల్లోపల యాంటీబాడీల దాడి జరుగుతూ ఉంటుంది, హాషిమోటో అంటారు దాన్ని. వాళ్ళ గేట్లు దిగితే మళ్ళీ లేవవు, థైరాయిడ్ మందగించిపోతుంది. ఇంకొందరి గ్రంథిలో ఎవరి మాటా వినని గడ్డలుంటాయి. వాళ్ళకు 2024 ఆగస్టు 10 రాత్రి మన డ్యాముకు జరిగిందే జరుగుతుంది. 19వ గేటు గొలుసు తెగి నీళ్ళు ఎలా విరుచుకుపడ్డాయో హొసపేట నుంచి సిరుగుప్ప దాకా అందరికీ గుర్తే. గొలుసు తెగిన గ్రంథి దొరికిన అయోడిన్‌నంతా హార్మోనుగా మార్చి ఒంట్లోకి వదిలేస్తుంది. ఒకే డబ్బాలోని మాత్ర ఒకరిని మందగింపజేసి, ఇంకొకరిని పరుగెత్తించేది ఇందువల్లనే. మీ గేట్లు ఎలాంటివో డబ్బా మీద రాసి ఉండదు.

అయోడిన్ ఎక్కువైతే ప్రమాదమని చదివి, ఉప్పులో అయోడిన్ మానేస్తామనేవాళ్ళు ఇప్పుడు పెరుగుతున్నారు. సైంధవ లవణం, గులాబి ఉప్పు, కల్లుప్పు, ఏదైతేనేం "కలపనిది" అయితే చాలు. ఇక్కడ నేను ఒక తెలుగు డాక్టరు పేరు చెప్పకుండా ముందుకు పోలేను. వులిమిరి రామలింగస్వామి 1921లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌కు డైరెక్టరయ్యారు. 1956లో ఆయన బృందం హిమాలయాల పాదాల్లోని కాంగ్రా లోయలో పని మొదలుపెట్టింది. గొంతు కింద సంచుల్లాంటి వాపులతో తిరిగే ఊళ్ళవి. లోయను మూడు భాగాలు చేసి, రెండిటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు అందేలా చూశారు. లక్ష మంది జనాభా మీద, ఏళ్ళ తరబడి. అయోడిన్ ఉప్పు తిన్నచోట వాపులు తగ్గిపోయాయి, మామూలు ఉప్పు తిన్నచోట తగ్గలేదు. 1962లో కేంద్రం గాయిటర్ నివారణ పథకం పెట్టింది, గాయిటర్ అంటే ఈ గొంతు వాపే. ఆ పని విలువ గొంతు వాపుతో ఆగిపోదు, గర్భంలో అయోడిన్ అందని బిడ్డకు మెదడే సరిగా ఎదగదు.

ఇంటి ఉప్పులో అయోడిన్ కిలోకు కనీసం 15 మిల్లీగ్రాములు ఉండాలని నియమం. రోజుకు పది గ్రాముల ఉప్పు తింటే సరిగ్గా 150 మైక్రోగ్రాములు. లెక్క అలా కట్టారు. అయోడిన్ ఉప్పు తింటే కెల్ప్ మాత్రలాంటి వరద రాదు, అది కాలువ నీళ్ళ కొలత. మన బళ్ళారి సముద్రానికి దూరం, చేపలూ రొయ్యలూ రోజూ తినే ఊరు కాదు. మనకు అయోడిన్ ముఖ్యంగా ఆ ఉప్పులోంచే రావాలి. గులాబి రాతి ఉప్పులో అది చెప్పుకోదగ్గంత ఉండదు.

ఉప్పు మార్చి, దానికి తోడు సజ్జలు పట్టుకున్నవాళ్ళ సంగతి ఇంకొంచెం జాగ్రత్తగా చెప్పాలి. ఎందుకంటే సజ్జ రొట్టె నాకు ఇష్టం. సంక్రాంతికి నువ్వులద్ది కాల్చిన సజ్జ రొట్టె, పక్కన గుత్తివంకాయ లేకపోతే ఈ సీమలో పండగే కాదు. 1980ల్లో సూడాన్‌లోని డార్ఫర్ ప్రాంతంలో బడిపిల్లల గొంతు వాపులు చూసి పరిశోధకులు ఆశ్చర్యపోయారు. అక్కడ అయోడిన్ తక్కువే, కానీ ఆ ఒక్కదానితో అంత వాపు రాదు. ఆ పల్లెల్లో పూటపూటా తిండి సజ్జే. 1989లో ఎడ్వర్డో గైటాన్ బృందం సజ్జ గింజలోంచి వైటెక్సిన్ వంటి ఫ్లేవనాయిడ్లను వేరుచేసి, అవి థైరాయిడ్‌లో అయోడిన్‌ను హార్మోనుగా మార్చే ఎంజైము పనిని అడ్డుకుంటాయని చూపింది. అవి పొట్టు పొరలో ఎక్కువ. అంతకు ముందే 1928లో బాల్టిమోర్‌లో క్యాబేజీ మేపిన కుందేళ్ళకు గొంతు వాపు వచ్చింది. తిండి థైరాయిడ్‌కు అడ్డు తగలగలదని తెలిసింది అప్పుడే.

దీన్ని బట్టి సజ్జలు మానేయమనడం మూర్ఖత్వం. జొన్న, సజ్జ, కొర్ర కలగలిపి, పప్పూ కూరా పెట్టుకుని, అయోడిన్ ఉప్పు వేసుకుని తినే ఇంటికి భయం లేదు. మన తాతలు ఏ ఒక్క గింజ మీదా ఏడాదంతా బతకలేదు. భయపడాల్సింది వేరొకటి. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకున్నాక, సిరిధాన్యాలు తింటే థైరాయిడ్ మాత్ర అక్కర్లేదనే మాట ఊళ్ళలో తిరుగుతోంది. మందగించిన గ్రంథి హార్మోను తయారుచేయడం లేదు. ఏ గింజలోనూ ఆ హార్మోను లేదు. మాత్ర ఆపేసి సజ్జ గంజి పట్టుకుని, పొట్టుతో సహా మంచిదని రోజుకు మూడుపూటలా అదే తాగి, దానికి గులాబి ఉప్పు కలిపితే డార్ఫర్ పల్లె తిండిని మన వంటింట్లో మనమే తయారుచేసుకున్నట్టు.

సిరుగుప్పలో ఉండే మా పెద్దమ్మది ఇంకో కథ. ఆమెకు థైరాయిడ్ మందగించి పన్నెండేళ్ళు. 50 మైక్రోగ్రాముల మాత్రతో హాయిగా ఉండేది. రెండేళ్ళుగా టీఎస్‌హెచ్ పెరుగుతూనే ఉంది. మాత్ర 75 చేశారు, 100 చేశారు. మాత్ర మరిచిపోతోందని కోడలి అనుమానం, "నేనేం మరిచిపోల్యా" అని పెద్దమ్మ కోపం. ఒక పొద్దున నేను అక్కడే ఉన్నాను. ఆమె కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని అరచేతిలో మూడు మాత్రలు పోసుకుంది. తెల్లటి చిన్నది థైరాయిడ్‌ది. పెద్దది మోకాళ్ళ నొప్పులకని ఎవరో చెప్పిన కాల్షియం. ఎర్రటిది ఇనుము. మూడూ ఒకేసారి నోట్లో వేసుకుని కాఫీతో మింగింది. ఆమె నిజమే చెప్పింది, ఒక్కరోజూ మరిచిపోలేదు.

కడుపులో కాల్షియం, ఇనుము థైరాయిడ్ హార్మోనును పట్టుకుని పేగు గోడ దాటనివ్వవు. 2000లో అమెరికాలో 20 మంది రోగులకు మూడు నెలలు థైరాయిడ్ మాత్రతో కలిపి కాల్షియం ఇచ్చి చూశారు, అందరి టీఎస్‌హెచ్ సగటు పైకి పోయింది, కాల్షియం ఆపగానే దిగింది. కాఫీ కూడా కొంత అడ్డే. పెద్దమ్మకు నేర్పింది ఒక్కటే. లేవగానే పరగడుపున మంచినీళ్ళతో థైరాయిడ్ మాత్ర, గంట ఆగి కాఫీ, కాల్షియమూ ఇనుమూ మధ్యాహ్నం భోజనం తర్వాత. నడుమ నాలుగు గంటలు తగ్గకూడదు. రెండు నెలలకు పరీక్ష చేస్తే ఈసారి టీఎస్‌హెచ్ మరీ దిగింది, డాక్టరు మాత్రను 100 నుంచి 75కు తగ్గించాల్సి వచ్చింది.

ఇదే పొరపాటు గర్భిణికి జరిగితే బిడ్డ మీద పడుతుంది. మొదటి నెలల్లో కడుపులో బిడ్డకు సొంత థైరాయిడ్ పనిచేయదు, తల్లి హార్మోనే దిక్కు. సర్కారు ఇచ్చే ఐరన్ మాత్రలు, కాల్షియం మాత్రలు గర్భిణికి తప్పనిసరి, అవి మానకూడదు. థైరాయిడ్ మాత్ర ఉన్న గర్భిణికి ఆశా కార్యకర్త ఆ డబ్బా చేతిలో పెట్టేటప్పుడు "నాలుగు గంటల ఎడం" అనే మాట కూడా పెడితే ఎంత మేలు! ఈ కర్ణాటక, ఆంధ్ర సరిహద్దు పల్లెల్లో ఆ మాట కన్నడంలోనూ తెలుగులోనూ రెండిట్లోనూ చెప్పాలి.

ఇక పొడుల సంగతి. అశ్వగంధను మనవాళ్ళు పెన్నేరుగడ్డ అంటారు. అనంతపురం, కర్నూలు మెట్టల్లో దాన్ని పంటగా వేసే రైతులున్నారు. 2020 అక్టోబరులో కోవిడ్ సమయంలో కేంద్ర ఆయుష్ శాఖ విడుదల చేసిన సూచనల్లో అశ్వగంధ పేరు రావడంతో అది ఇంటింటి పొడి అయింది. దానికి థైరాయిడ్ మీద నిజంగా ప్రభావం ఉంది, ఇది పుకారు కాదు. 1998లో ఇండోర్ పరిశోధకులు ఎలుకలకు వేరు సారం ఇస్తే టీ4 పెరిగింది. 2018లో మన దేశంలోనే, థైరాయిడ్ కొద్దిగా మందగించిన 50 మందిని తీసుకుని సగం మందికి రోజుకు 600 మిల్లీగ్రాముల సారం ఎనిమిది వారాలు ఇచ్చారు. టీఎస్‌హెచ్ దిగింది, టీ4 పెరిగింది.

దీన్ని చదివినవాళ్ళు "చూశారా, పనిచేస్తుంది" అంటారు. నాకూ అదే కనబడింది, అందుకే భయం. పనిచేసే వస్తువు మందే, మందుకు మోతాదుంటుంది, పడనివాళ్ళుంటారు. నీరసానికని అశ్వగంధ గుళికలు వాడిన 32 ఏళ్ళ మహిళకు థైరాయిడ్ హార్మోను మితిమీరిందని, గుళికలు ఆపగానే సర్దుకుందని 2005లో నెదర్లాండ్స్ నుంచి నివేదిక వచ్చింది. డెన్మార్క్ 2023లో అశ్వగంధ సప్లిమెంట్లను నిషేధించింది, వాళ్ళు చూపిన కారణాల్లో థైరాయిడ్ ఒకటి. ఇప్పటికే థైరాయిడ్ మాత్ర వేసుకునే మనిషి దాని మీద ఈ పొడి చేరిస్తే గుండె లయ తప్పవచ్చు. ఇంకో చిక్కు, అశ్వగంధ వాడుతున్నప్పుడు చేసిన పరీక్ష చూసి డాక్టరు మాత్ర తగ్గిస్తాడు. నెల తర్వాత పొడి డబ్బా అయిపోతుంది, మళ్ళీ కొనరు. తగ్గించిన మాత్రతో మనిషి మెల్లగా మందగిస్తాడు. కారణం ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఆ పొడి సంగతి డాక్టరు చీటీలో ఎక్కడా లేదు.

ఆయుర్వేద వైద్యాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. చదువుకున్న ఆయుర్వేద వైద్యుడు నాడి చూస్తాడు, వయసు అడుగుతాడు, పథ్యం చెబుతాడు, ఎన్నాళ్ళు వాడాలో, ఎప్పుడు ఆపాలో చెబుతాడు. ఫోన్లో బొమ్మ చూసి తెప్పించుకున్న డబ్బాకు ఇవేవీ రావు. మన పెద్దలు మందును పొడిగా ఇచ్చారు, మనం పొడి అనే మాట పట్టుకుని మందు అనే మాట వదిలేశాం.

అమెరికాలో ఉన్న పిల్లలు సెలవులకు వస్తూ తెచ్చే డబ్బాల గురించి కూడా ఒక మాట. అక్కడ "థైరాయిడ్ సపోర్ట్" పేరుతో అమ్మే పది రకాలను 2013లో పరిశోధకులు పరీక్షిస్తే, తొమ్మిదింటిలో టీ3 హార్మోనే దొరికింది, ఐదింటిలో టీ4 కూడా ఉంది. కొన్నిటిలో ఒక్కో మాత్రలో 20 మైక్రోగ్రాములకు పైన. అంటే చీటీ లేకుండా, లేబులు మీద రాయకుండా, డాక్టరు రాసే హార్మోనునే అమ్మారన్నమాట. ప్రేమతో తెచ్చిన డబ్బా కదా, అమ్మానాన్నలు వద్దనరు, డాక్టరుకూ చెప్పరు.

మన చట్టాలు ఈ విషయంలో మూగవి కావు. 1954 నాటి మాయమందుల ప్రకటనల చట్టంలో, నయం చేస్తామని ప్రకటించకూడని జబ్బుల పట్టికలో గాయిటర్ పేరు ఉంది. 2016 నిబంధనల ప్రకారం హెల్త్ సప్లిమెంట్ డబ్బా మీద ఇది వైద్యానికి కాదని రాయాలి. రాస్తారు కూడా, ఇంగ్లీషులో, వెనక పక్క, పేనంత అక్షరాల్లో. ముందు పక్క ఆకు బొమ్మ ఉంటుంది. మందుల వల్ల, సప్లిమెంట్ల వల్ల ఏదైనా కీడు జరిగిందని అనుమానం వస్తే మన దేశపు ఔషధ నిఘా కార్యక్రమానికి చెప్పుకోవడానికి 1800-180-3024 అనే ఉచిత నంబరు ఉంది. రోగి కూడా చెయ్యొచ్చు, డాక్టరే చేయాలని లేదు. ఫార్మసీ గోడ మీద ఆ నంబరు ఉండాల్సినంత పెద్దగా ఎక్కడా కనబడదు.

పోయిన నెల సిరుగుప్ప వెళ్ళినప్పుడు పెద్దమ్మ పక్కన కూచుని గూటిలో ఉన్నవన్నీ చాప మీద పరిచాము. మళ్ళీ డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు తీసుకుపోవడానికి జాబితా. ముందు తెల్ల మాత్ర రాశాను. తర్వాత కాల్షియం, ఇనుము. చిన్న కూతురు బెంగళూరు నుంచి పంపిన అశ్వగంధ డబ్బా, సగం అయిపోయింది. ఎవరో పెళ్ళిలో చెప్పారని తెప్పించిన మునగాకు పొడి. ఆ ఆకు సారం ఆడ ఎలుకల్లో టీ3ని తగ్గించిందని ఒక పరిశోధన ఉంది. కూరలో మునగాకు వేరు, పూటకో చెంచా పొడి వేరు, అదీ రాశాను. గుమ్మడి, అవిసె గింజల సీసా. మనవరాలు వదిలిపోయిన జుట్టు మాత్రలు, "పారేయడం ఏంటికని నేనే ఏసుకుంటాండా" అంది.

"ఇన్ని మందులా?" అని కోడలు నోరు తెరిచింది.

"యాడివి మందులు? మందు ఒగటే. కడమవన్నీ పొడులే గదా" అంది పెద్దమ్మ. అంటూనే నా చేతిలో కాగితం వైపు చూసింది. ఏడు వరసలు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత లేచి వంటింట్లోకి పోయి, మూత బిగించిన ఒక గాజు సీసా తెచ్చి చాప మీద పెట్టింది. లోపల గులాబి రంగు ఉప్పు.

"ఇది గూడా రాయి నాయనా."

రాశాను.